ఆది జాకెట్ల ఫొటోలు

మా చర్చి సంఘంలో ఆడవాళ్లు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తినప్పుడు "ఆవిడ మన కొలతలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది కదూ" అంటారు. నేను పెట్టలేదు. అప్పటికి నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో, దాన్ని తీయించడానికి నేను ఎవరి గుమ్మం దగ్గర ఏ మాట అనాల్సి వచ్చిందో వాళ్లలో ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్లందరూ నాకు గుర్తున్నారు. వాళ్ల జాకెట్లు ఇప్పటికీ నేనే కుడుతున్నాను కాబట్టి వాళ్లెవరో ఇక్కడ చెప్పను.

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మాది మొదటి అంతస్తు ఫ్లాటు. మా ఆయన ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున వెళ్తే సాయంత్రం వస్తారు. ముందు గది నా పనికి. కిటికీ పక్కన మిషను, ఆ గోడ నుంచి ఈ గోడకు ఒక తీగ, తీగ మీద వరసగా ఆది జాకెట్లు. ఢిల్లీలో బట్టలు కుట్టే మాస్టర్జీలకు సూట్లు బాగా వచ్చు, మన జాకెట్టు మాత్రం రాదు. టేపు పెట్టి కొలిచి, రాసుకుని, చివరికి చంక కింద ముడత తెచ్చిపెడతారు. అందుకే మనవాళ్లు నోయిడా నుంచి, సరోజినీ నగర్ క్వార్టర్ల నుంచి కూడా నా దగ్గరికి వచ్చేవాళ్లు. తమకు ఒంటికి అతికినట్టున్న పాత జాకెట్టు ఒకటి ఇచ్చి, "దీని ప్రకారం కుట్టు" అని వెళ్లేవాళ్లు. అదే ఆది.

కానీ ఆది ఒకటే సరిపోదు. మనిషి మారుతుంది, జాకెట్టు మారదు. అందుకని నేను టేపుతో కూడా కొలిచి, ఒక్కో ఆదికీ పిన్నీసుతో ఒక చీటీ గుచ్చేదాన్ని. పైన పేరు, కింద కొలతలు, ఆ కింద నాకు మాత్రమే పనికొచ్చే రెండు ముక్కలు. "ఎడమ భుజం జారింది." "వీపు మీద మచ్చ, వెనక మెడ లోతు వద్దు." "పాలిస్తోంది, వేసవికి బిగించాలి." డాక్టరు ఎలా రాసుకుంటాడో నేనూ అలాగే. పదకొండేళ్లలో ఒకరి కొలత ఇంకొకరికి చెప్పి ఎరగను.

ఆ సంవత్సరం నవంబరు ముగిసినా క్వయర్ జాకెట్ల మాట రాలేదు. క్రిస్మస్ ఆరాధనలో మా ఆడవాళ్ల క్వయర్, అంటే పాటల బృందం, ఒకే రంగు చీరల్లో ముందు వరసలో వేదిక వైపు తిరిగి నిలబడుతుంది. పద్దెనిమిది మంది. ఆ జాకెట్లు తొమ్మిదేళ్లుగా నేనే కుట్టాను. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది పాస్టరమ్మ గారు, అంటే పాస్టరు గారి భార్య. నాకు బోర్డు లేదు, దుకాణం లేదు. ఆ రోజు ముందు వరసలో ఆ పద్దెనిమిది వీపులే నా బోర్డు. వాటిని చూసే మిగతా సంవత్సరమంతా జనం వచ్చేవాళ్లు. అవి చేజారితే నా మిషను మూలన పడినట్టే. నోయిడాలో ఒక బొటిక్ తెరిచారనీ, పాస్టరమ్మ గారు అక్కడ రేట్లు కనుక్కున్నారనీ అప్పుడే విన్నాను.

మా ఆయన ఆ మాట విని ఒక ఉపాయం చెప్పారు.

"మా ఆసుపత్రిలో నర్సులందరూ పొద్దస్తమానం ఇంటర్నెట్‌లో కబుర్లు చెప్పుకునే ఒక సైటులోనే ఉంటున్నారు. అందులో కమ్యూనిటీ అని ఒకటి పెట్టుకోవచ్చట. నీ జాకెట్ల ఫొటోలు పెడితే అందరూ చూస్తారు. పైసా ఖర్చు లేదు."

"ఎవరు పెడతారు? మీకొచ్చా?"

"నాలుగో అంతస్తు అమ్మాయిని అడిగాను. పెడతానంది. డబ్బులొద్దంది. ఒక జాకెట్టు కుట్టిస్తానని చెప్పి ఆది కూడా తెచ్చాను."

నన్ను అడక్కుండా ఆమెను అడిగారు. అది మొదటి తప్పు. ఆ అమ్మాయి తెలుగమ్మాయే. తండ్రి కేంద్ర ప్రభుత్వంలో పనిచేశాడు. సరోజినీ నగర్ క్వార్టర్లలో పుట్టి పెరిగింది. పెళ్లయి మా బిల్డింగుకు వచ్చింది, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అంతకు రెండేళ్ల ముందు, హోలీ మర్నాడు, లిఫ్టులో నా చేతిలో కూరగాయల సంచి ఉంది. ఆమె పక్కన ఎవరో స్నేహితురాలు నన్ను చూసి ఎవరని అడిగింది. "వో? నీచే వాలీ దర్జీ ఆంటీ", కింద ఉండే దర్జీ ఆంటీ, అని చెప్పింది. నా ముందే. హిందీలో చెబితే నాకు అర్థం కాదన్నట్టు. నాకు ఒక పేరు ఉంటుందని గానీ, తెలుగువాళ్లమని గానీ ఆమెకు తోచలేదు. అప్పటినుంచి లిఫ్టులో ఆమె ఉంటే నేను మెట్లెక్కేదాన్ని.

ఆది మాత్రం తీసుకున్నాను. పని పనే. నీలం రంగు జాకెట్టు. కొలిచి చీటీ గుచ్చి తీగ మీద వేశాను.

శనివారం మధ్యాహ్నం ఆమె కెమెరాతో వచ్చింది.

"నమస్తే ఆంటీ! కలెక్షన్ ఎక్కడుంది?"

"కలెక్షన్ ఏంటమ్మా?"

"అదే, డిజైన్స్. ఫొటోస్ తీసేద్దాం."

కొత్తగా కుట్టినవి ఆరు హ్యాంగర్లకు తగిలించి పెట్టాను. "ఇవి తియ్యి" అన్నాను. ఆమె తీగ వైపు చూసి, "అరే వాహ్, ఆ లైన్ మొత్తం ఎంత క్యూట్‌గా ఉంది! ఇవి కూడా తీస్తా" అంది. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్లాను. టీకి ఐదు నిమిషాలు పడుతుంది. నేను ఇరవై ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఆమె ఎదురుగా కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

"ఆంటీ, ఈ చిట్స్ మీద ఏం రాసుంది?" అని అక్కడినుంచే కేకేసింది.

"దర్జీలు రాసుకునేవి" అన్నాను.

తగలాలనే అన్నాను. తగల్లేదు. "అచ్ఛా అచ్ఛా" అంటూ కెమెరా టకటకలాడించింది.

మా ఆయన సోమవారం ఆసుపత్రిలో చూసి వచ్చి, "బ్రహ్మాండంగా ఉంది, రంగురంగులుగా" అన్నారు. చిన్న చిన్న బొమ్మలు చూసి ఆ మాటన్నారని తర్వాత తెలిసింది. మూడు రోజుల్లో నలభై మంది చేరారట. నోయిడా నుంచి ఇద్దరు కొత్తవాళ్లు ఫోను చేశారు. బుధవారం ప్రార్థన కూడికలో పాస్టరమ్మ గారు నన్ను ఆపి, "శనివారం పదకొండింటికి వస్తాను, నా జాకెట్టు వేసి చూసుకుంటాను. క్వయర్ సంగతి కూడా అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. మా సంఘంలో నర్సు, క్వయర్‌లో పాడే పిల్ల.

"వందనాలక్కా. ఒక్కదానివే ఉన్నావా?"

"ఉన్నా. ఏంటి?"

"నా ఎడమ భుజం జారిందా అక్కా?"

"ఎవరే చెప్పింది?"

"నువ్వే. ఫొటో మీద నొక్కితే పెద్దదవుతోంది. నా పేరు, నా నడుము, నా ఛాతీ, అన్నీ నీ గుండ్రటి దస్తూరీలో. రాత్రి డ్యూటీ దిగి హాస్టల్లో అందరం చదివాం. ఒకళ్లనొకళ్లం భుజాలు కొలుచుకున్నాం." నవ్వుతూనే చెప్పింది, తర్వాత నవ్వు ఆపింది. "నాది పోనియ్ అక్కా. నాలుగో ఫొటో చూశావా?"

"అది ఎవరిది?"

"పాస్టరమ్మ గారిది."

ఆ చీటీ మీద ఏముందో చూడక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. "36 అంటారు. 40 కుట్టాలి. చెప్పొద్దు."

పాస్టరమ్మ గారు మొదటి సంవత్సరం తెచ్చిన ఆది పెళ్లినాటిది. "దీని ప్రకారమే కుట్టు, నా కొలత మారలేదు" అన్నారు. దాని ప్రకారం కుడితే హుక్కు పడదు. నేను నోరు మూసుకుని కొలిచి, వదులుగా కుట్టి ఇచ్చాను. వేసుకుని చూసి, "చూశావా, ఇన్నేళ్లయినా అదే కొలత" అన్నారు. "అవునండి" అన్నాను. తర్వాత ప్రతి ఏడూ ఆవిడ అదే మాట, నేను అదే జవాబు. ఆ చీటీ పొరపాటున కూడా నా నోరు జారకుండా నాకు నేను రాసుకున్నది.

"ఆవిడకు తెలిసిందా?" అన్నాను.

"తెలిసినట్టు లేదక్కా. కానీ వాళ్లమ్మాయి ఆ సైటులో ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు చూస్తుంది. తొందరగా తీయించెయ్."

మా ఆయనకు ఫోను చేశాను. అంతా విని, "కమ్యూనిటీ తెరిచినవాళ్లే తీయాలి, మనవల్ల కాదు" అన్నారు. అక్కడితో ఆగలేదు. "ఫొటోలు తీస్తున్నప్పుడు నువ్వు పక్కనుండి చూసుకోవాల్సింది" అని కూడా అన్నారు. ఆ మాట మర్చిపోలేదు.

ఆ అమ్మాయి ఫోను ఎత్తలేదు. నాలుగో అంతస్తుకు వెళ్లాను. వాళ్లత్తగారు తలుపు తీసి, "ఆఫీసులో ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరటండి, గేటు దగ్గరే పెట్టేస్తారట. సాయంత్రం ఏడవుతుంది" అంటూ ఆఫీసు అడ్రసున్న కార్డు ఇచ్చింది. సాయంత్రం దాకా ఆగితే పాస్టరు గారమ్మాయి కాలేజీ నుంచి వచ్చేస్తుంది. షేర్ ఆటో ఎక్కాను. నోయిడా అరవై రెండో సెక్టారులో వాళ్ల ఆఫీసు మా ఇంటికి దగ్గరే గానీ ఆ రోజు ప్రతి సిగ్నలూ నన్ను ఆపింది.

అద్దాల బిల్డింగు. గేటు దగ్గర గార్డు రిజిస్టరు తోశాడు. ఆ అమ్మాయి పేరు చెప్పాను. నా పేరు రాశాను. అతను లోపలికి ఫోను చేసి, నా పేరు చదివి, విని, నా వైపు తిరిగాడు.

"మేడమ్‌కు ఆ పేరుతో ఎవరూ తెలియదంట."

"ఇందిరాపురం, అదే బిల్డింగని చెప్పండి భయ్యా."

చెప్పాడు. "మీటింగులో ఉన్నారు, సాయంత్రం రమ్మంటున్నారు. పెట్టేస్తున్నా."

రెండేళ్లుగా మెట్లెక్కి తప్పించుకున్న మాట ఇప్పుడు నా నోటితో నేనే అనాలి. వెనక లైనులో నలుగురు నిలబడి ఉన్నారు.

"ఆగండి" అన్నాను. "దర్జీ ఆంటీ బోలో."

"క్యా?"

"దర్జీ ఆంటీ. అలా చెప్పండి, తెలుస్తుంది."

అతను నన్ను పైనుంచి కిందికి చూసి ఫోనులో అదే చెప్పాడు. మూడు నిమిషాల్లో ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అయ్యో ఆంటీ, మీరా? ఏమైంది? ఇంట్లో అందరూ ఠీక్ ఉన్నారా?"

చెప్పాను. ఆమె మొహం తెల్లబోయింది.

"ఆంటీ, నాకు తెలుగు చదవడం రాదు. మాట్లాడతా, అంతే. స్కూల్లో హిందీ, ఇంగ్లీష్. నేను ఆ చిట్స్ చూసి డిజైన్ నంబర్లు అనుకున్నా. అడిగాను కదా?"

అడిగింది. నేనేం చెప్పానో ఇద్దరికీ గుర్తుంది. ఆ విషయం ఇద్దరం ఎత్తలేదు.

ఆఫీసులో ఆ సైటు తెరుచుకోదట. మేనేజరును అరగంట పర్మిషన్ అడిగి, నన్ను రిక్షాలో వెనక మార్కెట్టుకు తీసుకెళ్లింది. సైబర్ కేఫ్‌లో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. నేను ఆమె వెనక నిలబడ్డాను. తీగ మీది ఫొటోలు తొమ్మిది. ఒక్కొక్కటీ పైనుంచి కిందికి గీతగీతగా తెరుచుకుంటోంది. ముందు తీగ కనబడుతుంది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నా చీటీ. నా దస్తూరీ అంత పెద్దగా నేనెప్పుడూ చూడలేదు.

"నాలుగోది ముందు తియ్యి" అన్నాను.

తెరిచింది. కింద ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముక్క రాశారు. "ఏంటది?"

"కామెంట్ ఆంటీ. 'థర్టీ సిక్స్ అట, హ హ.' బస్, అంతే."

"ఎవరు?"

పేరు చదివింది. క్వయర్‌లో పాడే మనిషే. ఆమె ఆది కూడా అదే తీగ మీద ఉంది. గుర్తుపెట్టుకున్నాను.

ఫొటో పోయింది. ఐదోది పోయింది. ఆరోది పోతూ పోతూ మధ్యలో ఆగి, మళ్లీ మొదటినుంచి తెరుచుకుంది. పక్క కుర్చీ అతను మా వైపు చూస్తుంటే చున్నీ అడ్డం పెట్టింది. ఏడోది నీలం జాకెట్టు.

"ఇది నాదే! మీరు నాకేం రాశారు ఆంటీ?"

"ముప్పై నాలుగు. ఇరవై ఎనిమిది."

"పైన నా పేరా?"

"పేరు కాదు."

"మరి?"

అబద్ధం చెప్పొచ్చు. చదవడం రాని మనిషి. కానీ నేను రాసింది నేను చదవలేకపోతే ఎలా?

"'లిఫ్టులో దర్జీ అన్న అమ్మాయి.'"

ఆమె వెనక్కి తిరిగింది. "నేనా? ఎప్పుడు?"

"హోలీ మర్నాడు. రెండేళ్ల కింద. పసుప్పచ్చ కుర్తా వేసుకున్నావు. చెవి వెనక రంగు ఇంకా పోలేదు."

ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదన్నది మొహంలోనే తెలుస్తోంది. నాకు అదే ఎక్కువ కష్టమనిపించింది.

"ఆంటీ... మీరు కుడతారు కదా. నేను ఇన్సల్ట్ చేద్దామని అనలేదు."

"నేను అక్కడే ఉన్నాను" అన్నాను.

"సారీ ఆంటీ" అంది.

పర్వాలేదని చెప్పలేదు. "తర్వాతది తియ్యి" అన్నాను.

తొమ్మిదీ తీసేసింది. కొత్త జాకెట్ల ఫొటోలు ఆరు మిగిలాయి. బయటికొచ్చాక నన్ను ఆటో ఎక్కించి, ఆటో కదిలేదాకా నిలబడింది.

శనివారం పదకొండింటికి పాస్టరమ్మ గారు వచ్చారు. చేతిలో పెద్ద గుడ్డసంచి. లోపల మెరూన్ రంగు గుడ్డ అంచు కనబడుతోంది. క్వయర్ గుడ్డ. నా దగ్గర దించుతారా, ఇక్కడినుంచి బొటిక్‌కు తీసుకెళ్తారా తెలియదు. కూర్చుని సంచి ఒళ్లోనే పెట్టుకున్నారు. వందనాలన్నాను, వందనాలన్నారు. టీ వద్దన్నారు. ఎప్పుడూ వద్దనరు.

"నా జాకెట్టు అయిందా?"

ఇచ్చాను. లోపలి గదిలో వేసుకుని పిలిచారు. అద్దం ముందు నిలబడి ఉన్నారు. హుక్కులన్నీ పడ్డాయి. వెనక ముడత లేదు. చేతులు సరిగ్గా మోచేతికి రెండంగుళాల పైన ఆగాయి. నేను భుజం మీద కుట్టు సవరించాను.

"చూశావా" అన్నారు. "ఇన్నేళ్లయినా అదే కొలత."

అద్దంలో నా మొహం వైపు చూస్తున్నారు. నాకు "అవునండి" నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏం, ఈసారి అవునండి అనవేం?"

"మీరు చూశారా?"

"నిన్న పొద్దున్నే మా అమ్మాయి చూపించింది. కాలేజీకి వెళ్లే ముందు."

నేను ఆటో ఎక్కకముందే. గేటు దగ్గర ఆ మాట అనకముందే.

"మధ్యాహ్నానికల్లా తీయించేశావట. నాకోసమేనా? నాకు తెలియకూడదనా?"

"చెప్పొద్దని రాసుకున్నాను కదండి."

ఆవిడ పెదవి కదిలింది. నవ్వో కాదో చెప్పలేను. జాకెట్టు మార్చుకుని వచ్చి, సంచి తీసుకుని నిలబడ్డారు.

"ఎన్నేళ్ల నుంచి?"

"తొమ్మిదేళ్లు."

"తొమ్మిదేళ్లు నన్ను వెర్రిదాన్ని చేశావు."

"మీకు ముడత లేకుండా చేశాను" అన్నాను. నోరు జారింది. కాదు, జారలేదు. అనాలనే అన్నాను.

ఆవిడ నన్ను అలాగే చూశారు. "ఒక షరతు. ఇకమీదట చీటీలు రాయొద్దు. ఎవరికీ. అలాగైతేనే ఇది ఇక్కడ దించుతాను."

పద్దెనిమిది జాకెట్ల సంచి. సరే అంటే అయిపోతుంది. మా ఆయనైతే సరే అనేవారు.

"రాయకుండా కుట్టలేనండి" అన్నాను. "రాసుకోకపోతే భుజం జారినామెకు జారినట్టే ఉంటుంది. నేను తప్పు రాయలేదు. ఎవరికీ చూపించలేదు. చదవడం రాని మనిషి ఫొటో తీసింది. మీకు నమ్మకం లేకపోతే బొటిక్‌లో ఇవ్వండి."

సంచి ఆవిడ చేతిలోనే ఉంది. చెప్పులు వేసుకున్నారు. నేను ఆపలేదు. ఆపితే బావుండేదని ఆ క్షణం అనిపించింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"పేర్లు రాయకుండా కుట్టగలవా?"

ఆలోచించాను. "నంబర్లు వేసుకుంటాను. ఎవరు ఏ నంబరో నా తలలో ఉంటుంది."

"ఇరవయ్యో తారీఖుకి కావాలి" అంటూ సంచి మిషను పక్కన దించారు. తర్వాత చెప్పులు విడవకుండానే తీగ దగ్గరికి వెళ్లి, తన ఆదికి ఉన్న పిన్నీసు ఊడదీసి, చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

ఆ క్రిస్మస్‌కు ముందు వరసలో పద్దెనిమిది వీపులూ నావే. హ హ అని రాసిన ఆమెది కూడా. ఆమె భుజం కుట్టు మూడుసార్లు విప్పి కుట్టాను, ఎవరూ వంక పెట్టకూడదని. నాలుగో అంతస్తు అమ్మాయి నీలం జాకెట్టు మా ఆయన చేత పంపించాను. ఇప్పుడు లిఫ్టులో కలిస్తే నా పేరు పెట్టి ఆంటీ అంటుంది. నేను మెట్లెక్కడం మానేశాను గానీ హోలీ మర్నాటిది మర్చిపోలేదు. ఆ సైటు మూతపడి చాలాకాలమైంది.

సంఘంలో మాత్రం కొలతలు నేనే పెట్టానన్న మాట అలాగే ఉండిపోయింది. పాస్టరమ్మ గారు ఒక్క ఆదివారం ఒక్క ముక్క చెబితే పోయేది. చెప్పలేదు. తర్వాతి ఏడు ఆవిడ జాకెట్టు వేసుకుని అద్దంలో చూసుకున్నారు, కొలత మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆవిడ నంబరు నాలుగు. చీటీ కొత్తది రాసుకున్నాను. ఆ పాత చీటీ మాత్రం నాది, నేను రాసుకున్నది. ఇన్నేళ్లలో ఆవిడ తిరిగి ఇవ్వలేదు.